మిరప దగ్గు అనుకున్నాం

ఫిబ్రవరి వచ్చిందంటే మా వైపు ఊళ్లకు ఊళ్లు దగ్గుతాయి. గోదావరి ఒడ్డు నుంచి అడవి అంచు దాకా మిరప తోటలే. ఏరిన కాయను కళ్లాల్లో ఎండబోస్తే గాలి ఎటు కొడితే అటు ఘాటు పోతుంది. బస్సెక్కితే దగ్గు, ఆదివారం ఆరాధనలో దగ్గు. ఒకరు మొదలుపెడితే వరుసగా అందరూ అందుకుంటారు, పాస్టరు గారితో సహా. మందు కావాలని ఎవరైనా అంటే నవ్వుతాం. బుగ్గన బెల్లం ముక్క పెట్టుకొని పనికి పోతాం. కాయ లారీలెక్కి ఖమ్మం మార్కెట్టుకు పోయాక దగ్గు కూడా పోతుంది. వానాకాలం బురద ఎట్లాగో కోతల కాలం దగ్గు అట్లాగ. మిరప దగ్గు అంటాం.

మా కోడలు సుగుణ దగ్గినప్పుడు కూడా అదే అన్నాం. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఊళ్లోనూ ఏదో ఒక దగ్గుకు ఇట్లాంటి పేరు ఉండే ఉంటుంది. పత్తి దుమ్ము దగ్గనో, రైస్ మిల్లు దగ్గనో. ఒకసారి పేరు పెట్టామంటే ఇక దాని వైపు చూడం.

సుగుణ ప్రభుత్వ బడిలో టీచరు. మా ఊరికి లోపలగా, అడవిలోకి పోయే మట్టిరోడ్డు మీద ఉంటుంది ఆ బడి. పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పటి నుంచి అక్కడే. రోడ్డు మీది బడికి బదిలీ అడుక్కోమని నేనే ఎన్నోసార్లు పోరాను, వినలేదు. మా అబ్బాయి యోహాను బస్సు కండక్టరు, భద్రాచలం నుంచి డ్యూటీ. వాళ్లకు ఒక్కతే పిల్ల, జ్యోతి. నాలుగో తరగతి.

కోతలకు అడవి అవతలి రాష్ట్రం నుంచి కూలీలు ముఠాలుగా ట్రాక్టర్లలో దిగుతారు. తోటల గట్ల మీద పరదాలు కట్టుకొని కాయ అయిపోయేదాకా అక్కడే ఉంటారు. పిల్లలు కూడా. చేతికి అందినంత మేర పిల్లలూ ఏరతారు. ఏరలేని పిల్లలు చంటివాళ్లను మోస్తారు. సుగుణకు ఇది కంట్లో కారం. మొదట్లో ట్రాక్టర్లకు అడ్డం నిలబడింది, రైతులతో తగాదా పడింది, పెద్ద ఆఫీసులకు కాగితాలు పెట్టింది. జీపు వచ్చిన రోజు తోటలో ఒక్క పిల్ల కనపడేది కాదు. జీపు పోయిన మర్నాడు అందరూ కనపడేవాళ్లు. పోట్లాట మానలేదు కానీ ఇంకో దారి కూడా పట్టింది. బడి వదిలాక నేరుగా కళ్లం దగ్గరికే పోయేది. నిండిన మిరప బస్తాలను మూడు వైపులా గోడల్లా పేర్పించి, పైన పరదా లాగి, చలిగాలి రాకుండా చేసి పిల్లలను కూర్చోబెట్టేది. చంటివాళ్లను కూడా తెచ్చుకోండని చెప్పింది. ఆ మాట మీదే తల్లులు ఒప్పుకున్నారు. పాటలు, ఎక్కాలు, అక్షరాలు, అన్నీ గొంతెత్తి.

నేను అదే తోటలో కాయ ఏరేదాన్ని. అరవై దాటాక ఆ బస్తాల మధ్య, పిల్లల వెనక కూర్చొని అక్షరాలు నేర్చుకున్నాను. నా పక్కన సోమి అని పదేళ్ల పిల్ల కూర్చునేది. నేను తప్పు రాస్తే పలక లాక్కొని, ఉమ్మి పెట్టి తుడిచేసి, "అవ్వా, గట్ల కాదు, జర నెమ్మది" అనేది. మా మాట సుగుణ దగ్గర నేర్చి మా మీదే వాడేది.

సోమి తల్లి జోగమ్మ ఆ ఏడాది కోతలయ్యాక ముఠాతో వెనక్కి పోలేదు. మగడు చనిపోయాక అక్కడ గడవడం కష్టమై, మా ఊరి బయట వాగు పక్కన గుడిసె వేసుకుంది. అట్లా సోమి జూన్‌లో నిజం బడిలో చేరింది. ఇన్నేళ్లలో తోట నుంచి బడికి వచ్చి నిలిచిన మొదటి పిల్ల. చేరిన రోజు సుగుణ ఇంటికి మైసూర్‌పాక్ తెచ్చింది. తెచ్చి, తను తినలేదు. ఆకలి లేదంది.

మే, జూన్ నెలలు

కాయ పోయింది, లారీలు పోయాయి, నా దగ్గు పోయింది. సుగుణది పోలేదు. పొద్దు వాలితే ఒళ్లు వెచ్చబడేది. ఎండ దెబ్బ అన్నాం. చిక్కిపోయింది. సెలవుల్లో కూడా పిల్లల వెంట తిరిగితే చిక్కదా అన్నాం. ఊళ్లో సూదిమందు ఇచ్చే డాక్టరు ఒక సీసా రాశాడు, అదయ్యాక ఇంకో సీసా. ఆయన కూడా మా ఊరివాడే, ఆయనకూ మిరప దగ్గే కనపడింది.

కోతల కాలంలో మా అందరి చేతిగుడ్డలూ ఎర్రగానే ఉంటాయి. చేతులు తుడుచుకుంటాం, ముక్కుకు కట్టుకుంటాం, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రంగు పోదు. సుగుణ గుడ్డల మీద ఎరుపు నేను చూస్తూనే ఉన్నాను. బడి తెరిచాక ఒకనాడు నల్లా దగ్గర బట్టలు ఉతుకుతుంటే ఒక కొత్త గుడ్డ చేతికి వచ్చింది. మొన్న మొన్న కొన్న తెల్లటిది, ఏ తోటకూ పోనిది. దాని మీద కూడా ఎరుపు. జూన్‌లో మిరప ఎక్కడిది?

సుగుణను పిలిచి చూపించాను.

"కొన్నాళ్లాయె అత్తమ్మా. తోట గుడ్డ అనుకున్న." గుడ్డ నా చేతిలోంచి తీసుకొని మళ్లీ అంది. "అనుకుందామని చూసిన."

మర్నాడు యోహాను సెలవు పెట్టాడు. నలుగురం భద్రాచలం పెద్ద దవాఖానాకు పోయాం. జ్యోతిని పక్కింట్లో వదులుదామంటే అది వినలేదు. ఛాతీ ఫొటో తీశారు. తెమడ పట్టివ్వమని మూత ఉన్న చిన్న డబ్బా చేతికిచ్చారు. దవాఖానా వెనక ఖాళీ జాగాలో, ఎండలో నిలబడి దగ్గాలి. లోపలి నుంచి రాకపోతే మళ్లీ దగ్గాలి. బజారులో కనపడితే ఊరి మగవాళ్లు బండి ఆపి నమస్తే పెట్టే మనిషి, గోడ వైపు తిరిగి ఆ డబ్బాలోకి ఉమ్ముతుంటే నేను కొంగు అడ్డం పట్టుకొని నిలబడ్డాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

లోపల వరండాలో పొడుగాటి సిమెంటు బల్ల. సుగుణ ఆ చివర కూర్చొని మమ్మల్ని ఈ చివరకు పొమ్మంది. జ్యోతి దగ్గరికి పోబోతే చెయ్యి చాపి ఆపింది. అప్పటికి ఎవరూ ఏ జబ్బో చెప్పలేదు. తనకు తెలిసిపోయింది. అక్కడ ఊడ్చే ఆమె జ్యోతి ముఖం చూసి, ఎక్కడి నుంచో ఒక స్టూలు తెచ్చి, తల్లికి మరీ దూరం కాకుండా, మరీ దగ్గర కాకుండా మధ్యలో వేసింది. జ్యోతి దాని మీద కూర్చుంది. ఆ ఊడ్చే ఆమె పేరు అడగలేదు నేను.

ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. పని లేక కూడబలుక్కున్నాను. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోమని. సరిగ్గా చదివానా లేదా అని సుగుణ వైపు చూశాను. తను అప్పటికే అటే చూస్తున్నది. మాది నెలల దగ్గు. పేరు పిలిచారు. సుగుణ లేచి, మమ్మల్ని కూర్చోమని సైగ చేసి, ఒక్కతే లోపలికి పోయింది.

టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగాలి, మధ్యలో మానకూడదు, మానితే జబ్బు మొండిదై ఆ మందుకు లొంగదు. ఫలితం వచ్చాక మమ్మల్నందరినీ లోపలికి పిలిచి డాక్టరమ్మ ఇదే మాట రెండుసార్లు చెప్పింది. చిన్న వయసు, విసుక్కోలేదు. సుగుణ ఒకటే అడిగింది.

"నా క్లాసుల ముప్పై మంది పిల్లలున్నరు మేడం. వాళ్ల సంగతేంది?"

అందరికీ పరీక్ష చేయాలంది. తనకు తగ్గుతుందా అని సుగుణ అడగనే లేదు. అది నేను అడిగాను.

జూలై

ఇంట్లో వెనక గది సుగుణది అయింది. మా అందరికీ పరీక్షలు చేశారు, మాకు లేదన్నారు, ముందుజాగ్రత్తకు జ్యోతికీ మాకూ మాత్రలు ఇచ్చారు. మందు పడ్డాక మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని నర్సమ్మ సుగుణకు ముందే చెప్పింది. చెప్పినా మొదటి రోజు భయపడింది. ఎరుపంటేనే మా ఇంట్లో అందరికీ బెదురు పట్టుకుంది. అన్నం చూస్తే వాంతి. గంజి కాచి గుమ్మంలో పెడితే తీసుకునేది. జ్యోతి పెరట్లోకి పోయి కిటికీ చువ్వల్లోంచి హోంవర్కు చూపించేది. తల్లి అక్కడి నుంచే తప్పులు చెప్పేది.

ఒకనాడు యోహాను డ్యూటీ దిగి వచ్చి, కంచం ముందు కూర్చొని, గోడకు చెప్పినట్టు అన్నాడు. "ఊరి పిల్లలందరికీ అమ్మవైతివి. నీ పిల్ల కిటికీ కాడ నిలబడ్డది."

లోపలికి వినపడింది. అక్కడి నుంచి దగ్గు వచ్చింది. నేను వాడి కంచం తీసేసి, తిన్నది చాలు లెమ్మన్నాను. వాడు పోయి అరుగు మీద కూర్చొని ఏడ్చాడు. నేను దగ్గరికి పోలేదు. ఆ రోజు ఎవరిని ఓదార్చాలో నాకు తోచలేదు.

బడిలో పిల్లలకు పరీక్షలు చేయడానికి బండి వస్తుందని తెలియగానే సగం ఇళ్లవాళ్లు పిల్లలను పంపలేదు. పేరొస్తే రేపు ఆడపిల్లకు సంబంధం రాదని ఒకరు, టీచరమ్మే అంటించిందని ఒకరు. ఇంటింటికీ తిరిగి పిల్లలను తెచ్చే మనిషి వెనక గదిలో పడుకొని ఉంది కాబట్టి నేను తిరిగాను. నా నోరు మంచిది కాదు. ఒక ఇంటి ముందు నిలబడి, మీ పిల్లను పదమూడేళ్లకే పెళ్లి పీటల మీద కూర్చోబెడితే లేపుకొచ్చింది ఎవరో గుర్తుందా అని అడిగాను.

"లేపుకొచ్చి దగ్గు అంటిచ్చింది. గిదేనా మేలు?" అని ఆ ఇల్లాలు తలుపేసుకుంది.

ఆమె మాట అబద్ధమని ఎట్లా చెప్పను?

ఆదివారం ఆరాధనకు పోతే మా చాప చుట్టూ జాగా ఖాళీ అయింది. పాస్టరమ్మ ఆ ఖాళీలోకి వచ్చి నా పక్కన కూర్చొని, పాటల పుస్తకం సగం నా ఒళ్లో పెట్టింది. ఇట్లాంటి మనిషి ఒక్కరుంటే చాలు అంటారు. చాలదు. కానీ ఆ పూట గడిచింది.

పరీక్షకు వచ్చిన పిల్లల్లో ఒక్కరికే ఉంది. సోమికి.

ఆ సంగతి సుగుణకు చెప్పే పని నా మీద పడింది. అప్పటికి మందు పని చేస్తున్నది, దగ్గరికి పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయినా గుమ్మంలోనే నిలబడి చెప్పాను. సుగుణ గోడ వైపు తిరిగింది. ఆ రోజు మాత్రలు మింగడానికి తప్ప నోట్లో నీళ్లు కూడా పోసుకోలేదు.

కొన్నాళ్లకు జోగమ్మ వచ్చింది. ఊళ్లో ఎవరూ మా గడప తొక్కని రోజులు. వచ్చి, వెనక గది గుమ్మంలో కింద కూర్చుంది. ఆమెకు తెలుగు కొంచెమే, ఒక్కొక్క మాట ఏరి పెట్టినట్టు మాట్లాడుతుంది.

"నా మొగడు గట్లనే దగ్గిండు టీచరమ్మా. రెండు కోతల కింద. మిరప దగ్గు అన్నరు. పోయిండు."

సుగుణ లేచి కూర్చుంది. ఆ దగ్గు తండ్రి నుంచి సోమికి వచ్చిందా, సోమి నుంచి బస్తాల గోడల మధ్య సుగుణకు వచ్చిందా, లేక సుగుణ నుంచే సోమికి పోయిందా. చలిగాలి రాకూడదని పేర్చిన బస్తాలు. తరవాత డాక్టరమ్మను అడిగితే, ఎవరి నుంచి ఎవరికో చెప్పలేం, తెలిసినా చేసే వైద్యం మారదు అంది. జోగమ్మ ఓదార్చడానికి వచ్చిందో, తన బరువు దించుకోవడానికి వచ్చిందో నాకు తెలియదు. పోయేటప్పుడు మాత్రం సుగుణ కాళ్ల మీద దుప్పటి సర్ది పోయింది.

ఆగస్టు

గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక అన్నారు, రెండోది అన్నారు. వాగులు వెనక్కి తన్నాయి. జోగమ్మ గుడిసెలోకి నీళ్లు రాకముందే అవతలి నుంచి ఆమె అన్న వచ్చాడు. ఊళ్లో సోమిని బోరింగు దగ్గరికి రానివ్వడం లేదన్న సంగతి అతనికి ఎవరో చెప్పారు. మాకు తెలిసేలోపు తల్లీకూతుళ్లు అడవి దాటిపోయారు. ఆ ముందు రోజే ఆశ వర్కరు సోమి మాత్రలు ఒక నెలకు సరిపడా ఇచ్చి ఉంది. అవి అయిపోయాక ఏమిటన్నది ఎవరికీ తెలియదు.

సుగుణ చీర మార్చుకొని చెప్పులేసుకుంది. ఎక్కడికి అని అడిగాను.

"పిల్ల మందు మధ్యల ఆగిపోతది అత్తమ్మా."

గేటు దాకా నడిచింది. గేటు పట్టుకొని అక్కడే కూలబడింది. యోహాను ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, చొక్కా తొడుక్కొని తనే బయల్దేరాడు. వాగు దాకా పోయి తిరిగొచ్చాడు, వంతెన నీళ్లలో ఉంది. నీళ్లు తగ్గాక మళ్లీ పోయాడు, బస్సు పోయే చివరి ఊరి దాకా. అక్కడి నుంచి అన్నీ కాలిబాటలే. వాళ్ల ఊరి పేరు మాకు సరిగ్గా తెలియదు. జోగమ్మకు ఫోను లేదు. ఆశ వర్కరు పైవాళ్లకు చెప్పింది. పైవాళ్లు అవతలి రాష్ట్రంవాళ్లకు చెప్పామన్నారు. ఆ మాట అడవిలో ఎంత దూరం పోయిందో చెప్పేవాళ్లు లేరు.

యోహాను బూట్ల నిండా బురదతో తిరిగొచ్చిన సాయంత్రం సుగుణ వాడికి మంచినీళ్లు ఇచ్చింది. జబ్బు పడ్డాక తన చేత్తో ఇచ్చిన మొదటి గ్లాసు. వాడు తాగాడు. వాళ్లిద్దరి మధ్య ఆ పాత మాట మళ్లీ రాలేదు.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా

ఈ నెలల గురించి రాయడానికి ఏమీ లేదు. మాత్ర, వికారం, గంజి, మాత్ర. ప్రతి పొద్దున మాత్రలు అరచేతిలో పోసుకొని కాసేపు ఆగేది. "సోమివి అయిపోయి ఉంటయి," అంది ఒకనాడు. మింగు ముందు, అన్నాను. అంతకంటే మెత్తగా నాకు రాదు.

మెల్లగా అన్నం సయించింది. బుగ్గలు నిండాయి, జాకెట్లు మళ్లీ సరిపోయాయి. చూసినవాళ్లు బాగయ్యావు టీచర్ అంటే తలదించుకునేది. ఒంటికి పట్టే ప్రతి ముద్దా ఆ పిల్ల నోటి దగ్గరిది లాక్కున్నట్టు ఉండేదేమో తనకు. జ్యోతిని గదిలోకి రమ్మని పిలిచిన మొదటి రోజుల్లో అది గుమ్మం దాకా వచ్చి, పుస్తకం తీసుకొని, పెరట్లోకి పోయి కిటికీ దగ్గర నిలబడేది. అదే అలవాటైంది దానికి. సుగుణ బతిమాలలేదు. తనూ లేచి పెరట్లోకి పోయి, కిటికీ బయట దాని పక్కన నిలబడి తప్పులు దిద్దింది. ఆ తరవాత జ్యోతి లోపలికి రావడం మొదలుపెట్టింది.

డిసెంబరు చివర మందు అయిపోయింది. ఏమీ లేదు, తగ్గిపోయింది అన్నారు దవాఖానాలో. జనవరిలో బడికి పోయింది. కొందరు పిల్లలు వేరే బడికి మారిపోయారు. ఉన్న పిల్లలు గోల గోల చేశారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. సోమి చోటు ఎట్లా ఉందో నేను అడగలేదు.

మళ్లీ కోతలు

ట్రాక్టర్లు దిగడం మొదలైంది. సుగుణ రోజూ బడికి పోయే ముందు రోడ్డు మీద నిలబడేది, ఒకప్పుడు ట్రాక్టర్లకు అడ్డం నిలబడ్డ చోటే. ఈసారి బండి ఆగకపోయినా పరవాలేదు, తొట్టిలో ముఖాలు కనపడితే చాలు. కొందరు డ్రైవర్లు గుర్తుపట్టి, మళ్లీ తగాదాకు వచ్చిందనుకొని వేగం పెంచేవాళ్లు.

ఈ వారం మొదట్లో ఒక ట్రాక్టరు తొట్టిలోంచి సోమి దూకింది.

జానెడు పొడుగైంది. పలచగా ఉంది. పెరిగే పిల్లలు పలచగానే ఉంటారు అనుకోబోయి ఆగాను. వెనకాల జోగమ్మ దిగి, కొంగు ముడి విప్పి, ఖాళీ మాత్రల అట్టలు సుగుణ చేతిలో పెట్టింది. ఇచ్చినవన్నీ మింగించిందట. అవయ్యాక అక్కడి నర్సమ్మ ఒకామె నడిచొచ్చి కొన్నాళ్లు ఇచ్చిందట. మధ్యలో కొన్నాళ్లు లేవట. ఎన్నాళ్లంటే ఆమెకు తెలియదు. సుగుణ ఆ అట్టలు అటూ ఇటూ తిప్పింది. అప్పుడు సోమి దగ్గింది.

అందరం దాని ముఖం వైపు చూశాం. దానికి నవ్వొచ్చింది.

"మిరప దగ్గే టీచర్. అవ్వ గూడ దగ్గుతున్నది, చూడు."

నిజమే. కళ్లం పక్కనే ఉన్నాం. నేను దగ్గుతున్నాను, జోగమ్మ దగ్గుతున్నది, ట్రాక్టరు డ్రైవరు దగ్గుతున్నాడు. సుగుణ దగ్గలేదు, ఊపిరి బిగబట్టి వింటున్నది. తరవాత సోమి చెయ్యి పట్టుకొని, బస్సు వస్తున్నది పద, అంది.

యోహాను డ్యూటీ బస్సే అది. సోమిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, బిగుసుకుపోయిన అద్దాన్ని రెండు చేతులా లాగి తెరిచాడు.

అదే వరండా, అదే సిమెంటు బల్ల. ముఖాలకు గుడ్డలు కట్టుకొని, సోమిని మధ్యలో పెట్టుకొని అటొకరం ఇటొకరం కూర్చున్నాం. జోగమ్మ తోటలోనే ఉండిపోయింది, వచ్చిన రోజే పని ఎగ్గొడితే మేస్త్రి ఊరుకోడు. సోమి గోడ మీది అక్షరాలు గడగడా చదివేసి, నన్ను చదవమంది. చదివాను. "అవ్వా, గట్ల కాదు, జర నెమ్మది," అంది. పేరు పిలిచారు. ముగ్గురం లేచాం.

సోమి తెమడ పట్టుకొని, మిషన్‌లో పెట్టి చూడాలి, రెండు రోజులు పడుతుంది అన్నారు. రేపు చెబుతారు. సుగుణ పొద్దున బడికి పోయింది, ఈపాటికి కళ్లం దగ్గర ఉంటుంది. ఈసారి బస్తాలు పేర్చనివ్వలేదు. పిల్లలను గాలికి ఎదురుగా, ఎండలో కూర్చోబెడుతున్నది. నేను తోటకు పోలేదు. చేతులు ఊరికే ఉండలేక జ్యోతి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద ఇది రాస్తున్నాను. బయట ఊరంతా దగ్గుతున్నది. ఇన్నేళ్లూ నాకు వినపడలేదు.